పెద్దపేగు తిత్తులు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, గుమాస్తాను. విని, చదివి తెలుసుకున్న నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

వయసు మీరేకొద్దీ పెద్దపేగు గోడలో రక్తనాళాలు చొచ్చుకువచ్చే బలహీనమైన చోట్ల లోపలి పొర చిన్న తిత్తులుగా బయటికి ఉబ్బుతుంది. వీటినే డైవర్టికులా అంటారు. చాలామందికి ఇవి ఉన్నట్టే తెలియదు, వైద్యమూ అక్కరలేదు. తిత్తి వాచినప్పుడే చిక్కు. పొత్తికడుపులో నొప్పి, జ్వరం వస్తాయి. పాశ్చాత్యులకు ఎక్కువగా ఎడమవైపు వస్తే, ఆసియావాసులకు కుడివైపు కూడా తరచుగా వస్తాయి. అప్పుడు అపెండిసైటిస్ అని పొరబడే అవకాశముంది. సీ.టీ. స్కానుతో తేలుతుంది. వాపు ఉండగా కొలనోస్కోపీ సాధారణంగా చేయరు, పేగుకు చిల్లుపడే ప్రమాదముంది. 6 నుంచి 8 వారాలు ఆగి, క్యాన్సరు లేదని రూఢి చేసుకోవడానికి చేస్తారు.

అసలు చెప్పదలచినది నెత్తురు సంగతి. తిత్తిలోని రక్తనాళం చిట్లితే నొప్పి లేకుండానే ఒక్కసారిగా బోలెడు రక్తం పోతుంది. మనవాళ్లు "మొలలే లెండి" అని నాటుమందు మింగి, ఇంట్లో ఇల్లాలికి కూడా చెప్పరు. సర్వీసంతా ప్రతి కాగితానికీ నకలు దాచుకున్నవాళ్లం, ఇది మాత్రం దాచరాదు! వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మోకాళ్ల నొప్పుల మాత్రలు, గుండెకు వేసుకునే ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచగలవు కనుక, అవి వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పాలి. ఆస్పిరిన్‌ను సొంతంగా మానరాదు.

గింజలు తిత్తుల్లో ఇరుక్కుంటాయని పూర్వం మాన్పించేవారు. అమెరికాలో 47 వేలమంది పురుషులను 18 ఏళ్లు గమనించి 2008లో ప్రకటించిన పరిశీలనలో, గింజపప్పులు, మొక్కజొన్న తినేవారికి ఈ జబ్బు ఎక్కువ కాలేదు. వాపు లేనప్పుడు, పళ్లు సహకరిస్తే, వేరుశనగపప్పు తినవచ్చు.