చిక్కని ఆయిలు – టర్బో ఇంజను

(పాల సేకరణ వాహనాల యజమానులకు, డ్రైవర్లకు, సంఘ కార్యదర్శులకు జరిగిన శిక్షణ తరగతిలో రవాణా పర్యవేక్షకుడు చేసిన ప్రసంగ పాఠం)



చిక్కని పాలకు ఎక్కువ ధర కట్టడం మన సంఘాల ఆచారం. అందుచేత చిక్కన అనే మాట వినగానే మంచిదనే మనకు తోస్తుంది. ఇంజను ఆయిలు విషయంలో ఈ అలవాటే నన్ను దెబ్బతీసింది.

2017 డిసెంబరులో మా మార్గంలో తిరిగే ఒక టర్బో డీజిలు వ్యానుకు ఆయిలు ఎర్రదీపం మినుకుమినుకుమనసాగింది. ఇంజను వేడెక్కి, బండి నిలబడి ఆడుతున్నప్పుడే అలా వెలిగేది. బండి పుస్తకంలో 15డబ్ల్యు-40 అని ఉంది. నేను దానిని దింపించి 20డబ్ల్యు-50 పోయించాను. దీపం ఆరిపోయింది. డ్రైవరూ సంతోషించాడు, నేనూ సంతోషించాను. మూడు వారాలకు ఒక తెల్లవారుజామున ఆ బండి ఈల వేసినట్లు కూసి, నీలిపొగ కక్కి, నడిదారిలో ఆగింది. టర్బో ఇరుసు పట్టేసింది. వేరే బండి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. 22 క్యాన్ల పాలు కాచి చూస్తే విరిగిపోయాయి. ఆ నష్టం ఎవరు భరించాలన్న తగవు రెండు నెలలు నడిచింది. ఒక పెద్దమ్మ నన్ను నిలబెట్టి అడిగింది: "చిక్కని ఆయిలే పోశామన్నారుగా అయ్యా, మరి బండెందుకు ఆగింది?"

ఆ రోజు నేను సరిగా చెప్పలేకపోయాను. ఈ రోజు చెబుతాను.

బోరు పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీరు దూరంగా చిమ్ముతుంది. అంతమాత్రాన బోరులో నీరు పెరిగినట్టా? ఆయిలు పంపు కూడా అంతే. అది ఆయిలును నెడుతుంది. దారిలోని అడ్డంకి వల్ల ఒత్తిడి పుడుతుంది. ఆయిలు చిక్కనైతే సన్నని సందుల్లోంచి కదలడం కష్టం, కాబట్టి గేజి పైకి పోతుంది. ఒత్తిడి హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని, ఆయిలు తిరిగి అడుగు తొట్టెలోకే పోతుంది. గేజిలో నిండుగా కనిపిస్తుంది, బేరింగులకు చేరేది మాత్రం తగ్గుతుంది.

డబ్ల్యు ముందున్న అంకె చలిలో ఆయిలు నడకను తెలుపుతుంది. వెనుక అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 40 రకమైతే 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు, 50 రకమైతే 16.3 నుంచి 21.9 లోపు. అదే ఆయిలు చల్లబడితే ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. డిసెంబరులో నెయ్యి గిన్నె చూడండి. మనం బండి తీసేది తెల్లవారుజామున నాలుగింటికి!

ఇక టర్బో సంగతి. దీనికి వేరే ఆయిలు లేదు, ఇంజను నుంచి సన్నని గొట్టం ద్వారా అందాలి. చిన్న బండ్ల టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అది తేలేది ఆయిలు పొర మీదనే. ఒకవైపు మండే పొగ వేడి. ఆ వేడిని మోసుకుపోవలసినదీ ఆయిలే. కాబట్టి దానికి ఒత్తిడి ఒక్కటే చాలదు, పారుదల కావాలి. చలిలో స్టార్టు చేసిన వెంటనే యాక్సిలరేటరు తొక్కితే, చిక్కని ఆయిలు చేరేలోగానే ఇరుసు ఎండుగా తిరుగుతుంది. మీ ఇళ్ళలోని డీజిలు కార్లకూ ఇదే మాట. నేడు టర్బో లేని డీజిలు కారు దాదాపు లేదు.

మా వ్యాను విప్పితే అసలు రోగం బయటపడింది. ఒక ఇంజెక్టరు కారి డీజిలు ఆయిలులో కలుస్తోంది. ఆయిలు పలచబడి దీపం వెలిగింది. నేను చిక్కనిది పోసి దీపాన్ని ఆర్పాను, కారుతున్న ఇంజెక్టరును అలాగే వదిలేశాను. నిజానికి డిప్‌స్టిక్ మీద ఆయిలు గీత దాటి పెరిగింది. డ్రైవరు చెప్పాడు కూడా! క్యానులో పాలు పెరిగితే వెంటనే లాక్టోమీటరు తీసే వాళ్ళం, ఆయిలు పెరిగితే మాత్రం పట్టించుకోలేదు.

దీపం మినుకుమంటే బండి ఆపండి. చాలా బండ్లలో ఒత్తిడి దాదాపు అర బారుకు పడితే గాని అది వెలగదు. ముందు ఆయిలు మట్టం చూడండి, డీజిలు వాసన చూడండి. తర్వాత మెకానిక్ చేత విడి గేజి పెట్టించి, వేడి ఇంజనులో ఒత్తిడి కొలిపించండి. సెన్సారు చెడినా దీపం వెలుగుతుంది. బేరింగు అరిగినా, జల్లెడ మూసుకున్నా వెలుగుతుంది. ఏదో తేలకుండా ఆయిలు మార్చవద్దు. ఎండ ప్రాంతాలకు కొన్ని బండ్ల పుస్తకాలే చిక్కని రకాన్ని అనుమతిస్తాయి, అలా ఉంటే పోయవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 డీజిలు బండ్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిలు కావాలి. డబ్బా మీద అంకెలు కలిసినంత మాత్రాన సరిపోదు.

స్టార్టు చేశాక అర నిమిషం బండిని దాని మానాన ఆడనివ్వండి. ఘాటు ఎక్కి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఆడించి ఆపండి, లేకుంటే వేడికి ఆయిలు టర్బోలోనే మాడి గట్టిపడుతుంది.

భోజనాల తర్వాత బయట వ్యాను దగ్గరకు రండి. డిప్‌స్టిక్ తీసి, డీజిలు కలిసిన ఆయిలు, మంచి ఆయిలు పక్కపక్కన చూపిస్తాను.