కరువు పనికి ఫోన్ హాజరు

మన కర్నూలు, కడప పల్లెల్లో ఉపాధి హామీని చాలామంది ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఒకప్పుడు ఆ పనిలో హాజరంటే కాగితం మస్టరు, సంతకమో వేలిముద్రో. 2023 జనవరి 1 నుంచి కేంద్రం దాదాపు అన్ని పనులకూ మొబైల్ యాప్ హాజరును తప్పనిసరి చేసింది. పనిచోటే రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీయాలి. ఆ చోటు, ఆ వేళ ఫోటోతోపాటే నమోదవుతాయి.

ఉద్దేశం మంచిదే. పనికి రానివాళ్ల పేర్లు మస్టరుకెక్కడం ఆగాల్సిందే. కానీ గుట్ట వారన కందకం తవ్వే చోట సిగ్నల్ అందదు. ఎండకు ఫోన్ తెర కనబడక, హాజరు వేసే మేట్ కొంగు అడ్డం పెట్టుకుని చూస్తుంది. పొద్దున్నే గడ్డపార పట్టి తన కొలత ముగించిన మనిషి, రెండో ఫోటో కోసం నీడ లేని చోట కూర్చోవాలి. చెమటోడ్చి మట్టి తవ్వినా ఫోటో పడలేదని ఆ రోజు కూలి పోతే, అది అన్యాయమే.



అక్కలారా, అన్నలారా, వారం ముగిసేలోపు రెండు పూటల హాజరూ పడిందో లేదో ఫీల్డ్ అసిస్టెంటును అడగండి. పడకపోతే మండల కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.