దాఖలాతి పుస్తకంలో రెండు లిపులు



బాగేపల్లి, చింతామణి వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పేరు రెండు లిపుల్లోనూ రాసుకుంటారు. పహణీలో ఒక్క అక్షరం తేడా వస్తే రైతు తాలూకా కచేరీకి ఎన్నిసార్లు తిరగాలో మనకు తెలిసిందే. బడి దాఖలాతి పుస్తకమూ అంతే. దాన్ని దాచిపెట్టి, అడిగినప్పుడు తీసిచ్చే డేటాబేస్ సర్వర్ గురించి ఇవాళ చెప్పుకుందాం.

ఉబుంటు లినక్స్ ఉన్న పాత కంప్యూటర్ చాలు. ఒక్క ఆదేశంతో మైఎస్‌క్యూఎల్ దిగుతుంది, పైసా ఖర్చు లేదు. చిక్కంతా తరువాతి అమరికలో ఉంది. 1995లో స్వీడన్‌లో పుట్టిన ఈ సర్వర్, చెప్పకపోతే, చాలా ఏళ్లపాటు లాటిన్1 అనే యూరోపు అక్షరాలనే ఎరిగి ఉండేది. ఆ పట్టికలో వెంకటరవణప్ప అని ఎక్కిస్తే పాత రూపాల్లో వరుసగా ప్రశ్నార్థకాలే మిగిలేవి. అలా పోయిన పేరు మళ్లీ రాదు. ఆ పిల్లవాడి టి.సి. మీద ఏం రాసిస్తాం? 2018లో వచ్చిన 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4 దానంతటదే ఉంటుంది. పాతదైతే పట్టిక కట్టకముందే మనమే పెట్టుకోవాలి.

యూనికోడ్‌లో తెలుగుకు 128 గదులు, ఆ వెంటనే కన్నడానికి 128. అక్కడా ఇరుగుపొరుగే చూడండి! అయితే వరుసలో పేర్చినప్పుడు తెలుగు పేర్లన్నీ ముందు, కన్నడ పేర్లన్నీ వెనుక వస్తాయి. అందుకని రెంటికీ వేరువేరు గడులు కట్టి, దాఖలాతి సంఖ్యతో ముడివేయండి.

రోజూ సాయంత్రం బడి మూసేముందు నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. నెలకొకసారి ఆ నకలును వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండు లిపుల్లోనూ పేర్లు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

సెలవు.