ఎదుటి పక్షాన నిలబడి చూద్దాం
(వార్షిక సభలో శ్రీరంగపట్నం విద్యాయాత్ర ప్రతిపాదనపై చేసిన ప్రసంగం)



మన హాస్టల్ పిల్లలు 20 మందినీ, పక్కనున్న ప్రభుత్వ పాఠశాల పిల్లలు 20 మందినీ కలిపి రెండు రోజులు శ్రీరంగపట్నం తీసుకువెళ్లాలన్న ప్రతిపాదన మీ ముందుంది. చరిత్ర చెప్పేవాడిని కనుక దాన్ని వివరించే పని కార్యవర్గం నాకు అప్పగించింది. "కోట చూపించి తీసుకొస్తే సరిపోదా? పిల్లలకు పాత్రలు ఇవ్వడం ఎందుకు?" అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు వినండి.

1799 మే 4న టిప్పు సుల్తాన్ ఆ కోటలో పోరాడుతూ నేలకొరిగాడు. ఈ ఒక్క సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఆపైన వాళ్లు వినేది వీధిలో, ఫోన్‌లో. ఒక చోట పొగడ్త, మరో చోట తిట్టు. టిప్పు పేరు వినగానే ఒక పిల్లవాడు ఛాతీ విరుస్తాడు, పక్కవాడు ముఖం తిప్పుకుంటాడు. ఆ ఇద్దరినీ ఒకే బస్సులో కూర్చోబెట్టాలన్నదే మా ఆలోచన.

ఆ యుద్ధంలో ఎవరు ఎటు ఉన్నారో చూడండి. టిప్పు కొలువులో ముఖ్యుడైన మంత్రి పూర్ణయ్య బ్రాహ్మణుడు. కోటను ముట్టడించిన ఇంగ్లీషు సైన్యంతో పాటు హైదరాబాద్ నిజాం సేనలూ ఉన్నాయి. వాటి వెంట వచ్చిన మీర్ ఆలం పేరు మీద హైదరాబాద్‌లో ఈనాటికీ చెరువు ఉంది. కంపెనీవారి మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఉన్నారు. ఎడ్ల మీద ధాన్యం మోసి సైన్యాలకు తిండి అందించినవాళ్లు లంబాడీలు. మతాన్ని బట్టి పక్షాలు పంచుకున్న యుద్ధం కాదది.

దాని ఫలితం మన గడప దాకా వచ్చింది. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేశాడు. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా ఇచ్చాడు. దత్తమండలాలని మన తాతలు పిలిచిన కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు అవే.

ఇక పాత్రల సంగతి. కత్తియుద్ధాలు ఆడించడం లేదు. చెక్క కత్తులు కూడా వద్దు. 1799 ఏప్రిల్ 22న జనరల్ హారిస్ పంపిన షరతులను పిల్లల ముందు పెడతాం. మిగిలిన రాజ్యంలో సగం, రెండు కోట్ల రూపాయలు, నలుగురు కొడుకులు, నలుగురు సర్దారులు జామీనుగా ఇవ్వాలి. అంతకు ముందు 1792లోనే సగం రాజ్యం పోయింది, ఇద్దరు కొడుకులు బందీలుగా వెళ్లారు. ఇప్పుడు ఒప్పుకోవాలా? టిప్పు ఒప్పుకోలేదు. పిల్లలు ఏమంటారో, ఎందుకంటారో చెప్పాలి. హారిస్ పాత్ర తీసుకున్నవాడికీ చిక్కు ఉంది. శిబిరంలో తిండి తరిగిపోతోంది, వానలు పడితే కావేరి పొంగుతుంది.

ఎవరికి ఏ పాత్ర అన్నది చీటీ తీసి నిర్ణయిస్తాం. అయితే ఒక్క నియమం: తనకు ముందే ఇష్టమైన పక్షం ఎవరికీ దక్కకూడదు. టిప్పును పొగిడేవాడు ఇంగ్లీషు అధికారి బైర్డ్ అవుతాడు. 1780లో పొల్లిలూరు యుద్ధంలో పట్టుబడి, మూడేళ్లకు పైగా ఆ ఊళ్లోనే బందీగా ఉండి, చివరికి కోటపై దాడిని నడిపింది ఆయనే. తిట్టేవాడు సుల్తాన్ అవుతాడు. ఒక అమ్మాయికి లంబాడీ స్త్రీ పాత్ర రావచ్చు. ఎవరు గెలిచినా తన ఎడ్లు బతకాలన్నదే ఆమె బాధ.

బయలుదేరే ముందు రెండు వారాలు సాయంత్రం తరగతులు ఉంటాయి. ఒక్కో పాత్రకు ఒక పేజీ కాగితం ఇస్తాం, అందులో నిజమని తేలినదే ఉంటుంది. మొదట దరియా దౌలత్‌లో పొల్లిలూరు యుద్ధచిత్రం చూస్తారు. తరువాత గోడ పగిలిన వాయవ్య మూలకు, టిప్పు శవం దొరికిన చోటుకు వెళతారు. కోటలోని రంగనాథస్వామి ఆలయం, జామా మసీదు రెండూ చూస్తారు. చివరికి గుంబజ్. తల్లిదండ్రుల పక్కన టిప్పు సమాధి ఉన్న ఆ చోట పాత్రలు, మాటలు ఉండవు. అక్కడ అందరూ తమ సొంత పేర్లతోనే నిలబడతారు.

పురావస్తు శాఖ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకుంటాం. ఎండాకాలం వెళ్లం. ఆడపిల్లలకు వేరే బస, ఇద్దరు ఉపాధ్యాయినులు తోడు. తల్లిదండ్రుల సంతకం లేనిదే ఎవరినీ బస్సు ఎక్కించం.

దాతలారా, మీరిచ్చే ఫీజులతో, పుస్తకాలతో మన పిల్లలు పరీక్షలు గట్టెక్కుతున్నారు. బస్సు, బస, భోజనం, టిక్కెట్ల ఖర్చు ఈసారి అదనంగా అడుగుతున్నాం. ఒక్కో దాత ఇద్దరు పిల్లల ఖర్చు భరించండి, ఒకరు మన హాస్టల్ నుంచి, ఒకరు ఆ పాఠశాల నుంచి. తిరిగొచ్చాక ఆ ఇద్దరూ కలిసి మీ ఇంటికి వచ్చి, తాము ఎవరి పాత్రలో ఏం తేల్చుకున్నారో మీకు చెబుతారు.