బొడ్డుతాడు నెత్తురులో ఏముంది?

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం కాన్పు గదుల్లో ఇకపై పుట్టే బిడ్డల బొడ్డు కోసేది, నర్సులుగా పట్టభద్రులైన మీలో చాలామందే. ఆ బొడ్డుతాడులో, మాయలో మిగిలిపోయే నెత్తురు గురించే ఈ నాలుగు మాటలు.

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పసిబిడ్డ రోగనిరోధక శక్తిని రాయని పలకతో పోల్చాలనిపిస్తుంది. అది సగమే నిజం. పెద్దల నెత్తురులో క్రిములతో పోరాడే టీ కణాల్లో పాత జబ్బుల్ని గుర్తుపెట్టుకున్నవి బోలెడు. ఒకప్పుడు ఏదో వైరస్‌తో తలపడి, ఒకే కణం నుంచి గుంపులు గుంపులుగా పెరిగినవీ వాటిలో ఉంటాయి. బొడ్డుతాడు నెత్తురులోని టీ కణాల్లో అత్యధికం ఇంకా ఏ క్రిమినీ చూడలేదు. అయినా అవన్నీ ఒక్క తీరు కావు. వాటి మీది గ్రాహకాలు లెక్కలేనన్ని రకాలు. రేపు ఏ క్రిమి వచ్చినా పట్టుకోగలిగేది వాటిలో ఏదో ఒకటి ఉంటుంది. బిడ్డకు కొరత వైవిధ్యంలో కాదు, జ్ఞాపకంలో.

ఈ అనుభవం లేని కణాల వల్లే, దాతతో పూర్తిగా సరిపోలకపోయినా, రక్తం జబ్బులకు చికిత్సగా చేసే బొడ్డుతాడు నెత్తురు మార్పిడిని శరీరం కొంతవరకు సర్దుకుంటుంది. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లక్‌మన్ బృందం తొలి మార్పిడి చేసింది. ఫ్యాంకోనీ రక్తహీనత ఉన్న బాలుడికి వాడింది అతని చెల్లెలి బొడ్డుతాడు నెత్తురు. గమనించండి, అతని సొంతది కాదు. మీ బిడ్డ నెత్తురు మీ బిడ్డకే దాస్తామంటూ ప్రైవేటు బ్యాంకులు వేలకు వేలు అడుగుతాయి. అలా సొంతానికి దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి చెప్పేసింది. అప్పు చేసైనా కడదామనుకునే తండ్రికి ఆ మాట మీరే చెప్పాలి.

మరి జ్ఞాపకం లేని తొలి నెలల్లో బిడ్డకు కాపు ఎవరు? తల్లి. ఆమె ఐజీజీ ప్రతిదేహాలు మాయ దాటి బిడ్డలోకి వెళ్తాయి, ఎక్కువగా చివరి మూడు నెలల్లో. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ వాటా తక్కువ. గర్భిణికి టీకా వేసి పసికందును ధనుర్వాతం నుంచి కాపాడేది ఈ దారినే. పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలించే లక్ష్యాన్ని దేశమంతా 2015లో చేరితే, ఆంధ్రప్రదేశ్ 2004 నాటికే అందుకుంది.

కాబట్టి నల్లమల చెంచుగూడెం నుంచి వచ్చిన తల్లయినా, పట్టణం తల్లయినా, ధనుర్వాతం టీకా అయిన టీడీ డోసులు పడ్డాయో లేదో కార్డు చూడండి. బిడ్డ బాగా ఏడుస్తుంటే కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డు బిగించండి. బీసీజీ, హెపటైటిస్-బి, పోలియో చుక్కలు పడకుండా ఏ బిడ్డనూ ఇంటికి పంపకండి.