చేతినిండా పట్టే మాండలిన్ మెడ

(సంఘ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ డి.ఏ. గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి ఆటవిడుపుగా సంగీతం మీద ఏదైనా చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను విద్వాంసుణ్ణి కాను. పోర్టు వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక మాండలిన్ పట్టినవాణ్ణి. కనుక రాగాల జోలికి పోను. చెయ్యి, చెక్క, తీగ, ఈ మూడింటి గురించే చెబుతాను. మాండలిన్ కొనేటప్పుడు దాని మెడ ఎంత లావుండాలి అన్నది ఈనాటి విషయం. "ఇదీ ఒక విషయమేనా?" అని వెనుక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. పూర్తిగా విన్నాక నవ్వండి, అభ్యంతరం లేదు.

మాండలిన్ అనగానే తెలుగువారికి తోచే పేరు ఒక్కటే. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు. పసితనంలో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. విశేషం ఏమిటంటే గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే చెన్నైలో కన్నుమూశారు.

ఆయన ప్రస్తావన ఊరికే తేలేదు. ఇటలీ నుంచి వచ్చిన ఈ వాద్యానికి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల మీద మన గమకం పలికించడం చాలా కష్టం. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టించుకున్నారు, నాదం నిలవడానికి ఎలక్ట్రిక్ మాండలిన్ వాడారు. అంటే వాద్యం ఎలా వస్తే అలా సరిపెట్టుకోలేదు, తన సంగీతానికి తగ్గట్టు దాన్ని మార్చుకున్నారు. అంతటివారు ఆ పని చేయగా, అరవై దాటిన మనం మన అరచేతికి తగిన వాద్యం వెతుక్కుంటే తప్పేమిటి?

దుకాణానికి వెళితే కుర్రవాడు మొదట సన్నటి మెడ ఉన్నదే చేతికిస్తాడు. "స్లిమ్ నెక్ సార్, వేళ్ళు పరుగెత్తుతాయి" అంటాడు. వాడి వేళ్ళు పరుగెత్తుతాయి, నిజమే. మన సంగతి వేరు. వీణకు దండి అన్నట్టు, మాండలిన్‌కు మెట్లు బిగించి ఉండే పొడుగాటి భాగమే ఈ మెడ. ఎడమచేతి బొటనవేలు ఒక పక్క, మిగిలిన వేళ్ళు మరో పక్క ఉండి దాన్ని పట్టుకోవాలి. మెడ సన్నగా ఉంటే బొటనవేలు, వేళ్ళు బాగా దగ్గరకు ముడుచుకోవాలి. ముడుచుకున్న కొద్దీ పట్టు బిగుస్తుంది. ఆ ఒత్తిడంతా బొటనవేలి మొదట్లో, మణికట్టుకు కొంచెం పైన ఉన్న కీలు మీద పడుతుంది. యాభై దాటాక తొందరగా అరిగే కీళ్ళలో అదొకటి. సీసా మూత తిప్పేటప్పుడు "అబ్బా" అనేవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు.

కీళ్ళనొప్పులవారికి గరిటె పిడికి గుడ్డ చుట్టుకోమని, లావు పెన్ను వాడమని ఫిజియోథెరపీ వారు చెబుతారు కదా. క్రికెట్ ఆటగాళ్ళు కొందరు బ్యాటు పిడికి రెండు రబ్బరు తొడుగులు వేసుకుంటారు. సుత్తి పిడి పలచబడితే చెయ్యి ఎంత లాగుతుందో నాతో పాటు వర్క్‌షాపులో చేసిన వారికి నేను చెప్పనక్కరలేదు. మెడ సంగతీ అంతే. అరచెయ్యి నిండితే పట్టు వదులవుతుంది.

మా వియ్యంకుడు గారు ఉక్కు కర్మాగారంలో రిటైరై గాజువాక వైపు స్థిరపడ్డారు. నాకంటే బాగా వాయిస్తారు. మూడేళ్ళ క్రితం మా వియ్యపురాలు గారికి పక్షవాతం వచ్చింది. మాట సరిగా రాదు. సాయంత్రం దీపం పెట్టాక ఆయన మంచం పక్కన కూర్చుని ఒక గంట వాయించేవారు. ఆవిడ కుడిచేతి వేళ్ళతో దుప్పటి మీద తాళం వేసేవారు. ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా నడిచే సంభాషణ అదే అనుకోండి. అలాంటిది ఒక వేసవిలో ఆయన బొటనవేలు వాచింది. వయసుతో వచ్చిన అరుగుదల అన్నారు డాక్టరు గారు. రెండు నెలలు వాద్యం ముట్టుకోలేదు. నేను చూడబోతే, "బావగారూ, దీన్ని మీ మనవడికి పట్టుకుపొండి, ఇక నా వల్ల కాదు" అన్నారు. వియ్యపురాలు గారు అటు తిరిగి పడుకున్నారు.

నేను ఆ మాండలిన్ చేతిలోకి తీసుకున్నాను. మంచి వాద్యమే, కానీ మెడ చీపురుపుల్లలా ఉంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే మొదటి మెట్టు దగ్గర మందం 19 మిల్లీమీటర్లు. ఆయన అరచెయ్యి చూస్తే విస్తరాకంత. "బావగారూ, వారం ఆగండి" అన్నాను. వాపు తగ్గాక ఇద్దరం జగదాంబ సెంటర్ వైపు దుకాణాలు రెండు తిరిగాం. రెండో దుకాణంలో, ఎవరూ అడగక పైన దుమ్ము పట్టి ఉన్న మాండలిన్ ఒకటి దింపించాం. మెడ 22 మిల్లీమీటర్లు, వెనుక భాగం గుండ్రంగా, అరచేతిలో జామకాయ పట్టుకున్నట్టుంది. ఆయన అయిదు నిమిషాలు మాయామాళవగౌళ సరళీ వరుసలు వాయించి, ఏమీ అనకుండా పర్సు తీశారు. ఇప్పుడు గంట కాదు, ఇరవై నిమిషాలు వాయిస్తారు. నొప్పి పూర్తిగా పోలేదు. డాక్టరు గారు కూడా అంతకు మించి వద్దన్నారు. ఆ ఇరవై నిమిషాలూ దుప్పటి మీద తాళం నడుస్తోంది.

కొనదలచినవారికి నా సలహాలు కొన్ని. మెడ వెడల్పు వేరు, మందం వేరు. బిరడల దగ్గర తీగలు ఆనే ముక్కను నట్ అంటారు. అక్కడ వెడల్పు సాధారణంగా 27 నుంచి 29 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వేళ్ళు లావుగా ఉండి ఒక జత నొక్కబోతే పక్క జత తగులుతున్నదంటే కావలసింది వెడల్పు. బొటనవేలు పీకుతున్నదంటే కావలసింది మందం. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి దుకాణదారుడితో వాదన వేసుకుంటారు. కళ్ళు మూసుకుని పది నిమిషాలు పట్టుకుని చూడండి. గిటారులా బొటనవేలు వెనుక మధ్యలో పెట్టక, మెడను చూపుడువేలి మొదలు పక్కన ఆనించి, వయొలిన్ పట్టినట్టు పట్టాలి. చిటికెనవేలు ఏడో మెట్టును ఇబ్బంది లేకుండా అందుకోవాలి. అందకపోతే ఆ మెడ మీకు మరీ లావు. చిన్న చేతులవారు, ముఖ్యంగా ఆడవారు, పిల్లలు, నా మాట పట్టుకుని లావుదే కొనవద్దు.

ఇంకొక సంగతి. చేతినొప్పికి మెడను నిందించే ముందు తీగల ఎత్తు చూడండి. మూడో మెట్టు దగ్గర తీగను నొక్కి ఉంచి, మొదటి మెట్టు మీద సందు చూడాలి. వెంట్రుకవాసి ఉంటే చాలు. అంతకంటే ఎక్కువుంటే నట్ గాడి లోతు చేయించాలి. పనివాడు తెలిసినవాడైతే అరగంట పని. సన్నరకం తీగలు వేసినా నొక్కే బరువు తగ్గుతుంది.

లావు మెడతో ఫిట్టరుకు నచ్చే లాభం మరొకటుంది. ఎనిమిది తీగలూ కలిసి మెడను సుమారు 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. దూలం వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుందని మనం చదువుకున్నాం. అదే చెక్క అయితే, 19 మిల్లీమీటర్ల మెడ కంటే 22 మిల్లీమీటర్లది ఒకటిన్నర రెట్లు గట్టిది. అమెరికాలో గిబ్సన్ కంపెనీవారి పాత మాండలిన్లకు మెడలు లావుగా ఉండేవి. 1920ల మొదట్లో లోపల బిగించి సరిచేసుకునే ఇనుప కడ్డీ పెట్టాక సన్నం చేయగలిగారు. చవక వాద్యాల్లో ఆ కడ్డీ ఉండకపోవచ్చు, ఉందో లేదో అడగండి. లేని పక్షంలో సన్నటి మెడ మన సముద్రపు తేమకు ఎన్నాళ్ళు నిటారుగా నిలుస్తుందో నేను హామీ ఇవ్వలేను.

ఉప్పుగాలికి తీగలూ తొందరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి. మెడ వెనుక వార్నిష్ మెరుస్తూ ఉంటే మన చెమటకు అరచెయ్యి అతుక్కుంటుంది. నున్నటి ఎమరీ కాగితంతో మెరుపు పోయేంత వరకే, నీళ్ళు తగలకుండా, మెల్లగా రుద్దితే చెయ్యి జారుతుంది. కొత్తది కొన్నవారు గ్యారంటీ గడువు తీరాకే ఆ పని చెయ్యండి.

మా వియ్యంకుడు గారి పాత మాండలిన్, నాది, రెండూ ఆ మూల బల్ల మీద పెట్టాను. ఒకటి సన్నం, ఒకటి లావు. పక్కనే వెర్నియర్ కూడా ఉంది. టీ అయ్యాక ఎవరైనా పట్టుకుని చూడవచ్చు. మనవలు బిరడలు మాత్రం తిప్పవద్దు, శ్రుతి చేసేసరికి నాకు అరగంట పడుతుంది. సెలవు.