రికార్డు మీది మూడక్షరాలు



పాత జాజ్ రికార్డు చేతికొస్తే ముందు అట్ట చూస్తాం. సేకరించేవాళ్లు మాత్రం రికార్డునే వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటారు. గాడులు ముగిశాక, మధ్య లేబుల్ మొదలయ్యేలోపు, నున్నటి చోటు ఒకటుంటుంది. వాళ్లు వెతికేది అక్కడ.

అమెరికాలో బ్లూ నోట్ అనే కంపెనీ ఉంది. 1950లు, 60లలో అది తెచ్చిన రికార్డుల్లో చాలావాటి మీద ఆ నున్నటి చోట ఆర్.వి.జి. అని కనిపిస్తుంది. రూడీ వాన్ గెల్డర్ అన్నమాట. సౌండ్ ఇంజినీరు. అంతకన్నా విశేషం, ఆయన చాలా ఏళ్లు పగలు కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు! మొదటి స్టూడియో న్యూజెర్సీలో, అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో. మైల్స్ డేవిస్, థెలోనియస్ మాంక్, జాన్ కోల్ట్రేన్ లాంటి జాజ్ కళాకారులు ఆ గదిలో వాయించారు.

రికార్డింగే కాదు, అచ్చుకు మూలమైన పళ్లెం మీద గాడులు కూడా వాన్ గెల్డరే కోసేవాడు. అందుకే ఆ గుర్తు. ఆ మూడక్షరాలుంటే, ట్రంపెట్ ఊపిరి, సింబల్ మీద కర్ర తాకిడి ఆయన విన్నట్టే మనకూ అందుతాయి. ఎంత దగ్గరగా వినిపిస్తాయో!

అయితే గుర్తుంచుకోండి. ఆ మూడక్షరాలున్నంత మాత్రాన అది మొదటి ముద్రణ కాకపోవచ్చు. గాడులు అరిగిపోయి ఉండవచ్చు. కనుక కొనేముందు గుర్తు చూడండి, గీతలు చూడండి, వీలైతే విని చూడండి. పట్టుకునేది అంచు దగ్గరే. గాడుల మీద వేలు పెట్టకండి. ఇంట్లో ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి.